డాక్టర్ రాయని పరీక్షను రాయించుకోవడం ఎలా

నల్గొండ జనరల్ ఆస్పత్రిలో గానీ మిర్యాలగూడ, దేవరకొండ ఏరియా దవాఖానల్లో గానీ సోమవారం పొద్దున ఓపీ చూడండి. వరస వరండా దాటి మెట్ల దాకా ఉంటుంది. డాక్టర్ దగ్గర ఒక్కో మనిషికి దొరికేది రెండు మూడు నిమిషాలు. బీపీ చూసి, గోలీలు రాసి, తర్వాతి మనిషిని పిలవాలి. ఆ తొందరలో అన్నిటికంటే ముందు జారిపోయేది పరీక్ష. గోలీలు రాయకపోతే రోగి ఊరుకోడు, అడిగి రాయించుకుంటాడు. పరీక్ష రాయకపోతే ఎవరూ అడగరు.

ప్రైవేటుకు పోతే అక్కర్లేని పరీక్షలన్నీ కమీషన్ కోసం రాస్తారు కదా అంటారు మనవాళ్లు. నిజమే. కానీ ఒకే మనిషికి రెండూ జరుగుతాయి. జ్వరం వచ్చిన రెండో రోజే టైఫాయిడ్ కోసం వైడల్ పరీక్ష చేయిస్తారు, అప్పటికి దాని వల్ల తేలేది దాదాపు ఏమీ లేదు. అదే మనిషికి పదేళ్లుగా షుగర్ ఉన్నా కిడ్నీల సంగతి తెలిపే మూత్రంలో అల్బుమిన్ పరీక్ష ఒక్కసారి కూడా చేసి ఉండరు. ఇక్కడ రాసేది ఆ రెండో రకం గురించి: చేయాల్సింది చేయకపోతే మనం ఏం చేయాలి?

1. మీ జబ్బుకు ఏ పరీక్ష ఉండాలో ముందే తెలుసుకోండి

"అన్ని పరీక్షలూ రాయండి సార్" అంటే పని జరగదు. పేరు పెట్టి అడగాలి. దానికి వైద్యం చదవక్కర్లేదు, మీకున్న ఒకటి రెండు జబ్బులకు ఉండాల్సిన పరీక్షల పేర్లు తెలిస్తే చాలు.

షుగర్ ఉందా? వేలు గుచ్చి చూసే షుగర్ ఆ పూట సంగతే చెబుతుంది. సుమారు మూడు నెలల సగటు చెప్పేది హెచ్‌బీఏ1సీ. షుగర్ అదుపులో లేకపోతే 3 నెలలకోసారి, అదుపులో ఉంటే ఏడాదికి కనీసం రెండుసార్లు చేయాలి. ఇవి కాక ఏడాదికోసారి రక్తంలో క్రియాటినిన్ (ఇదీ కిడ్నీల పరీక్షే), మూత్రంలో అల్బుమిన్, కొలెస్ట్రాల్, కంటి రెటీనా, పాదాలు చూడాలి. కళ్లద్దాల నంబర్ చూసి పంపితే రెటీనా చూసినట్టు కాదు. కంట్లో చుక్కలు వేసి కంటిపాపను పెద్దది చేసి గానీ, రెటీనా ఫొటో తీసే కెమెరాతో గానీ చూస్తేనే అది రెటీనా పరీక్ష. అలాగే చెప్పులు విప్పించకుండా పాదాల పరీక్ష అయిపోదు. మన దగ్గర ఎక్కువగా వదిలేసేవి ఈ రెండే. వీటికి సూది లేదు, ఖర్చు దాదాపు లేదు, అయినా వదిలేస్తారు.

బీపీ గోలీలు వాడుతుంటే ఏడాదికోసారి క్రియాటినిన్, పొటాషియం, ఈసీజీ గురించి అడగండి. థైరాయిడ్ గోలీ డోసు మార్చితే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ మళ్లీ చూడాలి. దగ్గు రెండు వారాలు దాటితే ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చే సిరప్ ఇక చాలు, తెమడ పరీక్ష కావాలి. ప్రభుత్వ దవాఖానల్లో టీబీని పట్టే సీబీనాట్, ట్రూనాట్ పరీక్షలు ఉచితం. టీబీ అని తేలితే షుగర్, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా తప్పకుండా చేయాలి.

గర్భిణుల దగ్గర కాసేపు ఆగుదాం. తొలి చెకప్‌లో హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూప్, మూత్రం, షుగర్, హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి పరీక్షలు ఉండాలి. ఆ తర్వాత ప్రతి చెకప్‌కూ బీపీ, బరువు, మూత్రంలో అల్బుమిన్. షుగర్ పరీక్ష అంటే 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత రక్తం చూడాలి. 140 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే గర్భంలో వచ్చే షుగర్‌గా లెక్క. తొలిసారి బాగున్నా 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ చేయాలి. ఈ రెండోసారి పరీక్ష చాలామందికి జరగదు. రెండు గంటలు కూర్చోవాలి కాబట్టి నర్సమ్మ చెప్పదు, ఆటో పోతుందని మనమూ లేచి వచ్చేస్తాం. తల్లిది నెగెటివ్ గ్రూపు అయితే ఐసీటీ పరీక్ష (తల్లి రక్తంలో బిడ్డ రక్తానికి విరుద్ధమైన యాంటీబాడీలు ఉన్నాయేమో చూసేది), వాటిని రానివ్వని యాంటీ డి ఇంజెక్షన్ సంగతి మీరే ఎత్తండి. కాన్పయ్యాక బిడ్డది పాజిటివ్ అని తేలితే ఆ ఇంజెక్షన్ 72 గంటల్లోపు పడాలి. 18 నుంచి 20 వారాల మధ్య చేసే టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలన్నీ చూసేది) కోసం ప్రైవేటుకే పోవాలనుకోకండి, పెద్ద ప్రభుత్వ ఆస్పత్రులకు 2022లో ఆ యంత్రాలు ఇచ్చారు. ప్రతి నెల 9వ తేదీన గర్భిణులను డాక్టరే చూసే కార్యక్రమం ఉంది. వదిలేసిన పరీక్షలు అడగడానికి అంతకన్నా మంచి రోజు లేదు.

మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు వాళ్లకు ఇంకో మాట. ఇప్పుడు భగీరథ నీళ్లు వస్తున్నాయి గానీ, ముప్పై నలభై ఏళ్లు బోరు నీళ్లు తాగిన ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ ఎటూ పోలేదు. నడుము, మెడ, మోకాళ్లు బిగుసుకుపోయిన పెద్దవాళ్లకు "వయసు అయింది" అని నొప్పి గోలీలు ఇచ్చి పంపుతారు. ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష అడగండి. దాంతోపాటు క్రియాటినిన్ కూడా. ఏళ్ల తరబడి నొప్పి గోలీలు మింగిన మనిషికి కిడ్నీలు చూడకుండా మళ్లీ అవే గోలీలు రాయడం నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద నిర్లక్ష్యం.

2. కాగితాలు సర్దుకోండి

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టండి. ఎడమ పేజీలో జబ్బు ఎప్పుడు మొదలైంది, ఏ గోలీలు వాడుతున్నారు. కుడి పేజీలో పరీక్ష పేరు, ఆఖరుసారి చేసిన తేదీ, వచ్చిన అంకె. తేదీ ఖాళీగా ఉన్న వరస ఏదో డాక్టర్‌కు ఒక్క చూపులో కనబడుతుంది. రిపోర్టులన్నీ కవర్లో కుక్కి బల్ల మీద కుమ్మరిస్తే ఆయన పైకాగితం ఒక్కటే చూస్తాడు.

పాలమూరు నుంచి ముంబై, పుణెలకు పనికి పోయేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. అక్కడి చీటీలు అక్కడే పోతాయి, ఇక్కడికి వచ్చాక మళ్లీ మొదటి నుంచి. గర్భిణి అయితే తల్లీబిడ్డల సంరక్షణ కార్డు ఎక్కడికి పోయినా వెంట ఉండాలి. ప్రతి కాగితానికీ ఫోన్లో ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరికి పంపి పెట్టండి.

ఓపీలో, ల్యాబ్‌లో ఫోన్ నంబర్ అడిగినప్పుడు హైదరాబాద్‌లో ఉన్న కొడుకుది ఇవ్వకండి. ప్రభుత్వం ఉచితంగా పరీక్షలు చేసే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ రిపోర్టు ఫోన్‌కే మెసేజ్‌గా వస్తుంది. ఇంటి దగ్గర ఉండేవాళ్ల నంబర్ ఇస్తే ఆ పూటే తెలుస్తుంది. పరగడుపున రావాలా, ఏదైనా తిని రావచ్చా అని ముందురోజే ఆశా అక్కనో ఏఎన్‌ఎంనో అడగండి. శాంపిళ్లు పొద్దున తీసి బండిలో పంపేస్తారు. తండా నుంచి దిగి వచ్చేసరికి బండి పోయిందంటే ఆ రోజు కూలీ పోయినట్టే.

3. డాక్టర్ ముందు

కూర్చోగానే అడగండి. చీటీ రాసేసి పక్కకు పెట్టాక అడిగితే వెనక నిలబడ్డవాళ్లే మిమ్మల్ని లేపుతారు. మాట చిన్నగా ఉండాలి, ఇలా:

"సార్, నాకు షుగర్ వచ్చి ఎనిమిదేళ్లు. కిడ్నీ పరీక్ష రెండేళ్ల కింద చేశారు. ఈసారి క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ రాస్తారా?"

సగం మంది డాక్టర్లు వెంటనే రాస్తారు. వాళ్లు వద్దనుకుని వదిలేయలేదు, గుర్తు రాక వదిలేశారు. "ఏం అవసరం లేదు, బాగానే ఉన్నావు" అంటే వాదించకండి:

"సరే సార్. ఎందుకు అక్కర్లేదో జరంత చెప్పండి. మళ్లీ ఎప్పుడు చేయించాలో చీటీ మీద రాయండి."

ఈ రెండో వాక్యం చాలా పని చేస్తుంది. నోటితో వద్దనడం తేలిక. చీటీ మీద రాసి సంతకం పెట్టాలంటే డాక్టర్ ఒకసారి ఆగి ఆలోచిస్తారు. నిజంగా అక్కర్లేకపోతే కారణం చెబుతారు, అది వినండి. కొత్తగా వచ్చిన మామూలు నడుము నొప్పికి ఎక్స్‌రే అక్కర్లేదు, ప్రతి తలనొప్పికీ స్కాన్ అక్కర్లేదు. డాక్టర్ వద్దన్న ప్రతిసారీ అన్యాయం జరిగినట్టు కాదు. కారణం చెప్పకుండా కసురుకుంటేనే అనుమానించాలి.

"యూట్యూబ్‌లో చూశాను" అని మాత్రం మొదలుపెట్టకండి. ఆ మాట వినగానే ముఖం మారిపోతుంది, తర్వాత మీరు ఏం చెప్పినా చెవికెక్కదు. "పోయినసారి ఫలానా చోట చేశారు", "మా ఏఎన్‌ఎం చేయించుకొమ్మంది" అంటే వింటారు.

వెంట వచ్చినవాళ్లలో ఒక్కరే మాట్లాడాలి. ఆడమనిషికి జబ్బు చేస్తే డాక్టర్ భర్తతో మాట్లాడటం, భర్త ఆమెను అడగకుండానే జవాబు చెప్పడం మన దగ్గర మామూలే. జబ్బు ఎవరిదో వాళ్లనే చెప్పనివ్వండి. తెల్లబట్ట, నెలసరి లాంటివి చెప్పడానికి ఇబ్బందిగా ఉంటే లేడీ డాక్టర్ కావాలని ఓపీ చీటీ తీసుకునేటప్పుడే అడగండి.

4. మిషన్ పాడైంది, కిట్లు లేవు అంటే

ఇక్కడే చాలామంది వెనక్కి తిరిగి ఇంటికి పోతారు. పోవద్దు. పరీక్ష పేరు ముందు చీటీ మీద ఎక్కించుకోండి. నోటితో చెప్పింది లెక్కలోకి రాదు. చీటీ మీద ఉంటే రేపు ఇంకో డాక్టర్ కూర్చున్నా అది మళ్లీ అడగక్కర్లేదు.

తర్వాత "ఇక్కడ కాకపోతే ఎక్కడ చేస్తారు?" అని అడగండి. పీహెచ్‌సీలో అన్ని మిషన్లూ ఉండవు, ఉండాల్సిన పనీ లేదు. శాంపిల్ అక్కడ తీసి జిల్లాలోని పెద్ద ల్యాబ్‌కు, అంటే హబ్‌కు, పంపడానికే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పెట్టారు. నల్గొండ, మహబూబ్‌నగర్, గద్వాలలో ఆ హబ్‌లు 2021 జూన్‌లో మొదలయ్యాయి. అప్పుడు 57 రకాల పరీక్షలుండేవి, తర్వాత 134కు పెంచారు. క్రియాటినిన్, థైరాయిడ్, హెచ్‌బీఏ1సీ లాంటివన్నీ అందులోనివే. కాబట్టి "మా దగ్గర మిషన్ లేదు" అంటే "శాంపిల్ హబ్‌కు పంపండి మేడమ్" అనడం మీ హక్కు.

ప్రైవేటులో దీనికి తిరగేసి జరుగుతుంది. మా ల్యాబ్‌లోనే చేయించాలి, బయటిది ఒప్పుకోం అంటారు. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో 17 హక్కులున్నాయి. మందులు, పరీక్షలు ఎక్కడ చేయించుకోవాలో ఎంచుకునే హక్కు అందులో ఒకటి. రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకోవడం, మీ రికార్డులు మీరు తీసుకోవడం కూడా అందులో ఉన్నాయి.

5. గర్భసంచి ఆపరేషన్ అంటే ఇవి అడగండి

దక్షిణ తెలంగాణ పల్లెల్లో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు, ముప్పై ఐదేళ్లకే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల గురించి. "క్యాన్సర్ వస్తది" అని భయపెట్టి తీసినవే చాలా. నిజంగా క్యాన్సర్ భయమే ఉంటే ముందు పాప్ స్మియర్ (గర్భసంచి ముఖద్వారం కణాల పరీక్ష) ఉండాలి, స్కాన్ ఉండాలి, అధిక రక్తస్రావమైతే లోపలి పొర ముక్క పరీక్ష ఉండాలి. అవేవీ లేకుండా తారీఖు ఇస్తే రిపోర్టు చూపించమనండి. లేదంటే కాగితాలు పట్టుకుని ఇంకో డాక్టర్ దగ్గరికి, వీలైతే ప్రభుత్వ బోధనాసుపత్రికి పోండి. అనవసరంగా గర్భసంచులు తీయకుండా కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఆపరేషన్ అయిపోయాక ఇంకొకటి ఉంటుంది. థియేటర్ బయటికి స్టీల్ ట్రేలో తీసిన గర్భసంచి తెచ్చి ఇంటివాళ్లకు చూపిస్తారు. అందరూ చూసి తల ఊపుతారు. ఆ తర్వాత అది ఎక్కడికి పోయిందని ఎవరూ అడగరు. అది ముక్క చెడకుండా ఉంచే ఫార్మలిన్ డబ్బాలో పడి ల్యాబ్‌కు పోవాలి. కంటికి బాగానే కనిపించినదాంట్లో కూడా మైక్రోస్కోపు కింద జబ్బు బయటపడొచ్చు. మా మేనత్తకు ఒక నర్సింగ్ హోంలో ఆపరేషన్ అయ్యాక ముక్క రిపోర్టు అడిగితే "అంతా బాగానే ఉందమ్మా, ఏం కాలే" అన్నారు. నెమ్మదిగా తేలిందేమంటే అసలు పంపనే లేదు. ట్రే చూపించిన ఆ నిమిషంలోనే అడగండి: "ఏ ల్యాబ్‌కు పంపుతున్నారు? రిపోర్టు ఎప్పుడు వస్తుంది? రసీదు ఇవ్వండి." రొమ్ములో గడ్డ, మెడ గడ్డ, పిత్తాశయం, ఏది తీసినా ఇవే మూడు మాటలు.

6. ప్రాణం మీదకు వచ్చినప్పుడు

ఇక్కడ నోటు పుస్తకాలు, దరఖాస్తులు పనికిరావు. ఒకటి రెండు మాటలే గుర్తుండాలి.

ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చెయ్యి లాగడం ఉంటే చేరిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి. గ్యాస్ అని సూది వేసి కూర్చోబెడితే "సార్, ఈసీజీ ముందు తీయండి" అని గట్టిగానే అనండి. తొలి ఈసీజీ బాగున్నా నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయమనండి, గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే ట్రోపోనిన్ రక్త పరీక్ష అడగండి.

వరి మళ్లలో, పత్తి చేలల్లో పాము కరిస్తే 20 నిమిషాల రక్తం గడ్డ కట్టే పరీక్ష ఉంటుంది. పొడిగా, శుభ్రంగా ఉన్న గాజు ట్యూబులో కొంచెం రక్తం తీసి, కదిలించకుండా 20 నిమిషాలు పెట్టి చూస్తారు, గడ్డ కట్టకపోతే విషం ఎక్కినట్టు. దీనికి ల్యాబ్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఏ పీహెచ్‌సీలోనైనా చేయొచ్చు. రక్తపింజర కాటుకు ఇది చాలా ముఖ్యం. ఒకసారి గడ్డ కట్టింది కదా అని ఇంటికి పంపకూడదు, కొన్ని గంటల పాటు మళ్లీ మళ్లీ చూడాలి. కట్లపాము కరిస్తే రక్తం మామూలుగానే గడ్డ కడుతుంది, కాబట్టి కనురెప్పలు వాలుతున్నా, మింగడం కష్టమవుతున్నా ఆ సంగతి విడిగా చెప్పండి.

డబ్బు కట్టలేదని అత్యవసర చికిత్స ఆపడానికి ఏ ఆస్పత్రికీ హక్కు లేదు. 108కు ఫోన్ చేసేవాళ్లు చేస్తూనే ఉండండి, అడిగేవాళ్లు అడుగుతూనే ఉండండి.

7. రిపోర్టు వచ్చాక

పరీక్ష చేశారు, రిపోర్టు కవర్లోనే ఉండిపోయింది. ఇదీ ఎంతో జరుగుతుంది. రిపోర్టు డాక్టర్ చూసి, చూసినట్టు చీటీ మీద ఒక మాట రాస్తేనే ఆ పని అయినట్టు. ల్యాబ్ టెక్నీషియన్ "నార్మలే" అన్నాడని ఇంటికి పోకండి. అంకె పక్కన ఉండాల్సిన హద్దులు రాసి ఉంటాయి, మీరే ఒకసారి చూసుకోవచ్చు.

డిశ్చార్జి రోజు అడగాల్సింది ఇంకా రావాల్సిన రిపోర్టులేవని. వాటిని డిశ్చార్జి సమ్మరీలోనే రాయించుకోండి. రికార్డుల నకళ్లు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002 నుంచీ చెబుతోంది. ప్రైవేటయినా, ప్రభుత్వమైనా.

8. ఎంత అడిగినా చేయకపోతే

ముందుగా, ఫిర్యాదు కోసం పరీక్ష ఆపకండి. ఇంకో ప్రభుత్వ దవాఖానలో గానీ, తప్పదంటే బయట గానీ చేయించుకుని బిల్లు దాచుకోండి. తర్వాతే కొట్లాట.

నోటితో గొడవపడితే సెక్యూరిటీని పిలుస్తారు. కాగితం పెడితే జవాబు ఇవ్వాలి. కాగితం ఇలా ఉంటే చాలు:

"సూపరింటెండెంట్ గారికి. నా భార్య ఏడో నెల గర్భిణి, ఓపీ నంబర్ ఫలానా. గ్లూకోజ్ తాగించి చేసే షుగర్ పరీక్ష ఇప్పటి దాకా జరగలేదు. ఫలానా తేదీల్లో అడిగితే కిట్లు లేవన్నారు. ఈ పరీక్ష ఎప్పుడు చేస్తారో, ఇక్కడ కుదరకపోతే ఎక్కడికి రాసిస్తారో రాతపూర్వకంగా తెలియజేయగలరు."

ఇందులో తిట్టు లేదు, ఎవరి మీదా నేరం మోపలేదు. ఒకే ప్రశ్న ఉంది. రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద ముట్టినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి.

ఎవరికి ఇవ్వాలన్నది కూడా తెలియాలి, లేకపోతే ఆ ఆఫీసు నుంచి ఈ ఆఫీసుకు తిప్పుతారు. పీహెచ్‌సీ, పల్లె దవాఖాన అయితే మెడికల్ ఆఫీసర్, ఆపైన డీఎంహెచ్‌వో (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి). ఏరియా ఆస్పత్రి అయితే దాని సూపరింటెండెంట్, ఆపైన డీసీహెచ్‌ఎస్ (జిల్లా ఆస్పత్రుల సమన్వయాధికారి). మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న జనరల్ ఆస్పత్రి అయితే ఆర్‌ఎంవో (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్), సూపరింటెండెంట్. ప్రైవేటు ఆస్పత్రుల రిజిస్ట్రేషన్లు చూసేది డీఎంహెచ్‌వో ఆఫీసు, కాబట్టి వాళ్ల మీద కాగితం కూడా అక్కడికే. ఆరోగ్యశ్రీ కింద చేరి ఉంటే ముందు అక్కడ ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను పట్టుకోండి, ఆ తర్వాత 104కు ఫోన్ చేయండి.

వారం గడిచినా కదలిక లేకపోతే కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణి ఉంటుంది. ముద్ర పడిన నకలు జతచేసి ఇవ్వండి. నకలు లేకుండా పోతే కాగితం మళ్లీ అదే ఆస్పత్రికి వస్తుంది, మీరు మళ్లీ మొదటికి వస్తారు. మిషన్ నెలల తరబడి పాడై ఉందంటే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో అడగొచ్చు: ఎప్పుడు పాడైంది, బాగుచేయమని ఎప్పుడు రాశారు, అప్పటి నుంచి రోగులను ఎక్కడికి పంపుతున్నారు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఆ ఫీజు కూడా లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. నా అనుభవంలో ఫిర్యాదుకు కదలని మిషన్లు ఈ అర్జీకి కదిలాయి.

పరీక్ష చేయకపోవడం వల్ల నిజంగా నష్టం జరిగి, డబ్బు కట్టిన ఆస్పత్రి అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. నల్గొండలో ఉంది, మహబూబ్‌నగర్‌లో ఉంది. అందరికీ ఉచితంగా చూసే ప్రభుత్వ దవాఖానలు మామూలుగా దీని కిందకు రావు. డాక్టర్ మీద విడిగా తెలంగాణ వైద్య మండలికి కూడా రాయొచ్చు. కమిషన్‌లో లాయర్ తప్పనిసరి కాదు, మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ఇంకో డాక్టర్ చేత "ఈ పరీక్ష అప్పుడే చేసి ఉండాల్సింది" అని రాయించుకోగలిగితే కేసు నిలబడుతుంది, అది లేకుండా చాలా కష్టం. ఏ డాక్టరూ ఇంకో డాక్టర్ మీద తొందరగా రాయడు. అందుకే అది పెద్ద బోధనాసుపత్రిలో, చికిత్స జరుగుతుండగానే, కేస్ షీట్‌లో రాయించుకోవడం మేలు. కేసు వేశాక పోయి అడిగితే రాయరు.